దేవదారు మొద్దు మీది తొట్టి

నోమన్‌కాట్ వాగు ఉప్పునీటి పాయలో కలిసేచోట, గట్టు మీద ఉన్న ఇటుకల గుడిని ఆ ప్రాంతంలో అందరూ కింది చర్చి అంటారు. పై చర్చి కూడా ఒకటి ఉండేదట. అది కూలిపోయి, దాని ఇటుకలు చుట్టుపక్కల ఇళ్ల పొగగొట్టాల్లోకి చేరి ఎన్నో తరాలైంది. పైది పోయినా కిందిది మాత్రం కిందిదిగానే మిగిలింది.

లెటిస్ గార్నెట్‌కి ఆ చర్చి ఒళ్లంతా తెలుసు. పాత కట్టడాలను కొలిచి పటాలు గీసే ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు. "లెటీ చర్చిని చేసుకుంది, అత్తపోరు కూడా లేదు" అని ఊళ్లో ఒక హాస్యం ఉండేది. అది తన చెవిన పడ్డా ఆమె పట్టించుకునేది కాదు. ఆమె ఇష్టమంతా ఆ గోడల మీదే. ఒక ఇటుక పొడుగ్గా, పక్కది అడ్డంగా పేర్చుకుంటూ పోయిన వరసలు అవి. బట్టీలో నిప్పుకి దగ్గరగా ఉండి మాడిన ఇటుకల తలలు గాజు పట్టినట్టు నీలిబూడిద రంగులో మెరుస్తాయి. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు గోడంతా చేప పొలుసులా కనిపిస్తుంది. లోపల నడుమెత్తు చెక్కగోడలు, తలుపులు ఉన్న పెట్టె బెంచీలు. తూర్పుగోడకి పది ఆజ్ఞలు రాసిన నల్లటి పలకలు. పడమట, నిటారు మెట్లు ఎక్కి చేరే అటక. ఒకప్పుడు బానిసలు కూర్చున్నది అక్కడే. ఆ మెట్లలో ఏది కిర్రుమంటుందో లెటీ కళ్లు మూసుకుని చెప్పగలదు.

ఆమెకు తెలియనిది ఒక్కటే. నడవ మధ్యలో, పడమటి తలుపు దగ్గర, ఎనిమిది పలకల రాతి కాడ ఒకటి నిలబడి ఉంటుంది. చర్చి కట్టిన కొత్తలో ఇంగ్లండు నుంచి ఓడలో తెప్పించిన బాప్తిస్మపు తొట్టికి అది కాడ. పైన ఉండాల్సిన తొట్టి లేదు. అంతర్యుద్ధంలో ఉత్తరాది సైనికులు దాన్ని గురిపెట్టి కాల్చి పగలగొట్టారని చెప్పుకునేవారు. ఉత్తరాది సైనికుల మీద వేయని నింద ఆ జిల్లాలో లేదు గనక ఇదీ వాళ్ల నెత్తినే పడింది. కాడ మీద ఇత్తడి కుండీలో ఒక పచ్చని మొక్క పెట్టి, పిల్లలకి బాప్తిస్మం ఇవ్వాల్సి వచ్చినప్పుడు మొక్క తీసి వెండి గిన్నె పెట్టేవారు. లెటీ గీసిన చర్చి పటంలో కాడ మీద తొట్టి చుక్కల గీతతో ఉంది. లేనిదాన్ని ఊహించి గీసేటప్పుడు చుక్కలే పెట్టాలి. అది వృత్తి మర్యాద.

చర్చికి మూడు వందల ఏళ్లు నిండే సంవత్సరం వచ్చింది. అక్టోబరులో పండగ, బిషప్ రాక, పాత కుటుంబాలవాళ్లందరికీ ఆహ్వానాలు. ఆ ఏడు మే నెలలో లెటీ వాగుకి అవతల ఉన్న బేతేలు చర్చికి ఒక అంత్యక్రియలకి వెళ్లింది. బేతేలు నల్లవాళ్ల చర్చి. కింది చర్చిలాగే అదీ బిషప్పుల ఏలుబడిలో ఉండే ఎపిస్కోపలే, కాకపోతే ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్. తెల్ల రంగు వేసిన చెక్క గోడలు, రేకు కప్పు. ఏళ్ల తరబడి అక్కడ ఆర్గన్ వాయించిన పెద్దాయన పోయాడు. ఆయన లెటీ తండ్రికి చేపల వేటలో స్నేహితుడు.

సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక జనం భోజనాల గదికి కదిలారు. చర్చి లోపల పూలగుత్తులు సర్దుతున్న ఒకామె, వాటికి చోటు చాలక, మూలనున్న ఒక వస్తువు మీది కుట్టుపని బట్టను తీసి పక్కన పెట్టింది. బట్ట కింద దేవదారు మొద్దు, దాని మీద రాతి తొట్టి. ఎనిమిది పలకలు. అంచు కింద తాడు మెలిక లాంటి చెక్కడం.

లెటీ కాళ్లు వాటంతట అవే అటు నడిచాయి. వంగి, మొద్దు తల ఒకచోట విరిగిన సందులోంచి తొట్టి అడుగున వేళ్లు పెట్టి తడిమింది. సరిగ్గా మధ్యలో, ఇనప మేకు దిగడానికి తొలిచిన గుంట వేలికి తగిలింది.

"ఏం పోగొట్టుకున్నావే లెటిస్, చెవి కమ్మా?"

వెనక ఓడెల్లా రఫిన్ నిలబడి ఉంది. నల్ల టోపీ, చేతిలో కర్ర. తెల్లపిల్లల్నీ నల్లపిల్లల్నీ ఒకే బడిలో కలిపిన కొత్తలో లెటీకి లెక్కలు చెప్పిన టీచరు ఆమె. ఇప్పుడు బేతేలులో ఆమె మాటకి తిరుగులేదు. ఓడెల్లాకి ఎనభై దగ్గరపడ్డా, ఆమె ఎదుట లెటీకి ఇంకా వెన్ను నిటారుగా అయిపోతుంది.

"టీచరుగారూ, ఇది..."

"మా తొట్టి."

"దీని కాడ మా చర్చిలో ఉంది."

"ఉంటుంది మరి. కాడ బరువు. ఐజాక్ తాత ఒక్కడే మోయలేకపోయాడు."

 ఓడెల్లా పక్క బెంచీ మీద కూర్చుని కర్ర ఒళ్లో పెట్టుకుంది.

"మా ముత్తాతల నాటివాడు, మీ గార్నెట్ల పొలంలో నాగలి పట్టినవాడు. పసివాడిగా ఉన్నప్పుడు ఈ తొట్టి దగ్గరే నీళ్లు చల్లించుకున్నాడు. తర్వాత ఇంగ్లండు రాజుతో తెగతెంపులు అయిపోయి, రాజుగారి మతం మనకెందుకని మీవాళ్లు చర్చిని వదిలేశారు. కప్పు కూలింది. పశువులు దూరాయి. అప్పుడు తీసుకొచ్చాడు."

"రాత్రిపూటా?"

"రాత్రెందుకే! పట్టపగలు, ఎడ్లబండి మీద. తొట్టి మోసుకుపోయే బానిసని ఎవడాపుతాడు? దొరగారి పందులకి కుడితి తొట్టి అనుకునుంటారు. పైన్ చెట్లలో మావాళ్లు ప్రార్థన చేసుకునే చోట పెట్టాడు. స్వేచ్ఛ వచ్చాక ఈ గుడి కట్టారు. అప్పట్నుంచీ ఇక్కడే."

"మరి మాకెప్పుడూ చెప్పలేదే!"

"మీరెప్పుడన్నా అడిగారా? సైనికులు కాల్చేశారని మీరే చెప్పుకున్నారు. పాపం ఆ ఉత్తరాదోళ్లు, చెయ్యని తప్పుకి ఎన్ని తిట్లు తిన్నారో." ఓడెల్లా లేచింది. "పద, అన్నీ చల్లారిపోతాయి. ఆయిస్టర్లు చల్లారితే కుక్క కూడా ముట్టదు."

కింది చర్చి కమిటీ మరుసటి వారం కూర్చుంది. పాస్టర్ ఎమరీ కొత్తగా వచ్చిన కుర్రాడు, ఎవరినీ నొప్పించకూడదన్న భయంతో ప్రతి మాటకీ ముందు దగ్గేవాడు. కమిటీలో గట్టి గొంతు లాండన్ ట్రిగ్‌ది. ప్లీడరుగా పనిచేసి మానేసినా వాదన మానలేదు.

"చట్టప్రకారం అది మన ఆస్తి," అన్నాడు లాండన్. "దొంగిలించి తీసుకుపోయింది ఎన్నేళ్లైనా దొంగసొత్తే. మర్యాదగా ఒక నోటీసు ఇద్దాం."

"తీసుకుపోయినవాడు కూడా అప్పట్లో ఆస్తే కదా లాండన్," అంది లెటీ. "మా తాతల ఆస్తి. ఆ లెక్కన మా గార్నెట్లు తమ మనిషి చేత తొట్టి తెప్పించుకున్నట్టు. కోర్టులో ఇదంతా నిలబడి చెప్తావా? పేపరువాళ్లని నేను పిలుస్తాలే."

లాండన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పాస్టర్ ఎమరీ దగ్గి, "అడిగి చూద్దాం. ఒక్క ఆదివారానికి. అరువుగా," అన్నాడు.

అడిగే పని లెటీకే పడింది. ఆమె కాదనలేదు. న్యాయం కోసమనో, రెండు చర్చిల పొత్తు కోసమనో ఆమె వెళ్లిందంటే అబద్ధం. ముప్పై ఏళ్లుగా చుక్కలుగా ఉన్న గీత నిండుగా మారితే చూడాలని ఆమె కోరిక. కాడ మీద తొట్టి ఒక్కసారి కూర్చోవాలి. అంతే.

బేతేలువాళ్లు ఈ సంగతి మీద మూడు ఆదివారాలు వాదించుకున్నారు. వాళ్ల గడపలో మన తొట్టి ఎందుకన్నవాళ్లు కొందరు. ఐజాక్ తాత తెచ్చింది మళ్లీ మోసి పెట్టడానికా అన్నవాళ్లు కొందరు. చివరికి ఓడెల్లా లెటీని పిలిపించింది. పక్కన ఆమె మేనల్లుడు థర్మన్ ఉన్నాడు. పాయలో ఆల్చిప్పలు పట్టే ఆయిస్టర్ల పడవ నడిపే యాభై ఏళ్ల మనిషి.

"ఇస్తాం," అంది ఓడెల్లా. "థర్మన్ కూతురికి జూన్లో పాప పుట్టింది. ఆ పిల్లకి మీ పండగనాడు, మీ చర్చిలో, ఈ తొట్టి దగ్గర, మా పాస్టరు బాప్తిస్మం ఇస్తాడు. మీ బిషప్పు పక్కన నించుని ఆమెన్ అనొచ్చు. పిల్లని ఎత్తుకునేది నేను. మేం కూర్చునేది ముందు బెంచీల్లో. అటక మీద కాదు."

"అటక మీదకి ఇప్పుడెవరూ ఎక్కరండీ, గబ్బిలాలు తప్ప."

"అవి కూడా దిగొస్తే బావుంటుంది. ఇంకో మాట. తొట్టి మా దేవదారు మొద్దు మీదే ఉండాలి. మొద్దు కూడా తీసుకెళ్లండి. మీ రాతి కాడ మీద పెట్టొద్దు."

"ఎందుకు టీచరుగారూ? అవి రెండూ ఒకే రాయి. ఒకదానికోసం ఒకటి చెక్కినవి."

"ఒకప్పుడు. ఇప్పుడు దానికి ఈ మొద్దు అలవాటు. నేను చెప్పింది వినపడిందా లేదా?"

"వినపడిందండీ."

"బళ్లో కూడా ఇలాగే అనేదానివి. అని, చివరి మెట్టు దాటేసి జవాబు రాసేదానివి."

థర్మన్ నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు.

పండగకి ముందు రోజు శనివారం, పొద్దున్నే థర్మన్ తన తమ్ముడితోనూ పడవ మీద పనిచేసే ఇద్దరితోనూ వచ్చాడు. తొట్టిని దుప్పట్లలో చుట్టి ట్రక్కులో తెచ్చారు. లెటీ తలుపు బార్లా తెరిచి నిలబడింది. పాస్టర్ ఎమరీ పూలు తెచ్చినవాళ్లతో బల్ల దగ్గర ఉన్నాడు. నలుగురూ తొట్టిని నడవలోకి మోసుకొచ్చి దుప్పటి మీద దించారు. దుప్పటి విప్పగానే తొట్టి అంచు మీద కిటికీ వెలుతురు పడింది. చెక్కిన తాడు మెలికలో మసి పట్టిన చోట్లు, జనం చేతులు తగిలి నున్నబడ్డ చోట్లు స్పష్టంగా కనిపించాయి.

మొద్దు ఇంకా ట్రక్కులోనే ఉంది. లెటీ కుండీ తీసేసిన కాడ వైపు చూసింది.

"థర్మన్, మొద్దు తెచ్చేలోపు ఒక్కసారి దీని మీద పెట్టి చూద్దామా? ఒక్క నిమిషం. ఫొటో తీసుకుని దించేద్దాం."

"అత్త వద్దంది కదండీ."

"రేపటికి వద్దంది. ఆరాధన జరిగేటప్పుడు. ఇప్పుడు ఊరికే కదా."

థర్మన్ మెడ గోక్కున్నాడు. లెటీకి అతను ఏళ్ల తరబడి చేపలు అమ్మినవాడు. ఆమె ముఖంలో అలాంటి ఆశ అతనెప్పుడూ చూడలేదు. ఆ మాటే తర్వాత అన్నాడు. "ఒడ్డున ఎదురుచూసే పిల్లకి పడవ కనపడినట్టుంది ఆవిడ మొహం. ఎలా కాదంటాను?" అన్నాడు.

నలుగురూ ఎత్తారు. కాడ మీద, మధ్యలో, బొటనవేలంత పాత ఇనప మేకు నిలబడి ఉంది; ఇన్నేళ్లూ కుండీ బోలు అడుగు దాన్ని కప్పేసింది. లెటీ మోకాళ్ల మీద కూర్చుని, కింద నుంచి చూస్తూ, "ఇటు, ఇంకొంచెం ఇటు," అంది. గుంటలోకి మేకు దూరింది. తొట్టి సగం దిగి ఆగిపోయింది, ఒకవైపు వాలి.

"దిగట్లేదండీ. పట్టేసింది," అన్నాడు థర్మన్.

"మూడొందల ఏళ్ల కింద దిగింది, ఇప్పుడెందుకు దిగదు? అటువైపు కొంచెం నొక్కండి."

నొక్కారు. పెద్ద చప్పుడేమీ రాలేదు. పుచ్చకాయ పండిందో లేదో చూడ్డానికి వేలితో కొట్టినప్పుడు వచ్చే మోత లాంటిది వచ్చింది. తొట్టి అంచు నుంచి అడుగు వరకు గీత పడింది. థర్మన్ తమ్ముడు "దేవుడా" అని పట్టు బిగించాడు గనక నేల మీద పడలేదు. రెండు సగాలూ ఇద్దరిద్దరి చేతుల్లోకి విడిగా వచ్చాయి.

తుప్పుకి ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బిన ఇనుము రాతిని చీలుస్తుంది. ఈ సంగతి లెటీ తన ఉద్యోగంలో ఎన్ని నివేదికల్లో రాసిందో లెక్క లేదు. తుప్పు పట్టిన మేకు ఆమె కంటికి జానెడు దూరంలోనే ఉంది. తొట్టి తప్ప ఆమెకి మరేదీ కనపడలేదు.

 సగాలను దుప్పటి మీద పెట్టారు. పూలవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, లాండన్ ట్రిగ్ తోటపని చేసే బట్టల్లోనే వచ్చేశాడు.

"సరే. ప్రమాదం. ఎవరి తప్పూ కాదు," అన్నాడు లాండన్, లెటీని పక్కకి తీసుకెళ్లి. "తెచ్చేటప్పుడు జరిగిందంటే బీమా వర్తిస్తుంది. మోస్తున్నది వాళ్ల మనుషులే. నువ్వు ఇప్పుడేం మాట్లాడకు. నేను ఫోన్ చేస్తా."

లెటీ అతని చెయ్యి విడిపించుకుంది. "నువ్వు మంచివాడివే లాండన్. కానీ నీ మంచితనం పక్కన నిలబడాలంటే నాకు వాంతొస్తుంది," అని కారు తాళాలు తీసుకుని బయల్దేరింది. థర్మన్ తనూ వస్తానన్నాడు. వద్దంది.

ఓడెల్లా ఇంటి వరండాలో కూర్చుని బీన్స్ వలుస్తోంది. లెటీ మెట్లెక్కి, కూర్చోకుండా, జరిగింది జరిగినట్టు చెప్పింది. కాడ మీద పెట్టించింది తనేనని, థర్మన్ వద్దన్నాడని, నొక్కమన్నదీ తనేనని చెప్పింది. చెబుతున్నంతసేపూ ఓడెల్లా బీన్స్ వలవడం ఆపలేదు. చెప్పడం అయ్యాక ఆపింది.

"నేనేం చెప్పాను?"

"మొద్దు మీద పెట్టమన్నారు."

"నువ్వేమన్నావు?"

"వినపడిందన్నాను."

ఓడెల్లా ఒళ్లోని గిన్నె పక్కన పెట్టింది.  

"మా అమ్మకి దాంట్లో. నాకు దాంట్లో. నా బిడ్డకి దాంట్లో. నా బిడ్డ బతకలేదు, నీకు తెలీదు. ఆ నీళ్లు పడ్డ మర్నాడు పోయింది. ఆ తొట్టి అంచు మీద నేను ఎన్నిసార్లు చెయ్యేసి నిలబడ్డానో ఆ దేవుడికి తెలుసు. నీకు మాత్రం అది బొమ్మలో తక్కువైన ముక్క."

  క్షమించమని అడగడం కూడా అప్పుడు ఇంకొకటి అరువు అడిగినట్టే ఉంటుందని లెటీకి అనిపించింది.

ఓడెల్లా కర్ర అందుకుంటూ అడిగింది. "ఎన్ని ముక్కలు?"

"రెండు."

"పొడి అయిందా?"

"లేదండీ. శుభ్రంగా చీలింది."

"నన్ను తీసుకెళ్లు."

 చర్చిలో థర్మన్, మిగతా ముగ్గురూ పెట్టె బెంచీల్లో తలలు వంచుకుని కూర్చుని ఉన్నారు, బళ్లో గోడకుర్చీ వేయించిన పిల్లల్లాగా. ఓడెల్లా వంగలేక ఒక బెంచీ తలుపు పట్టుకుని నిలబడి, రెండు సగాలనూ చూసింది. కర్ర కొనతో ఒకదాన్ని కొద్దిగా తాకింది. పక్కనున్న కాడ వైపు, దాని మీది మేకు వైపు చూసింది. మేకు మీద ఎర్రటి తుప్పు, తెల్లటి రాతిపొడి అంటుకుని ఉన్నాయి.

పాస్టర్ ఎమరీ దగ్గి, "రేపటి బాప్తిస్మం వాయిదా వేద్దామండీ. బిషప్‌గారికి నేను చెప్తాను," అన్నాడు.

"వాయిదా ఎందుకు నాయనా? పగిలింది తొట్టి, పిల్ల కాదు." ఓడెల్లా థర్మన్ వైపు తిరిగింది. "ఒరేయ్, మొద్దు దించు ట్రక్కులోంచి. మీ నాయనమ్మ పిండి కలిపే గిన్నె, ఆ నీలం అంచుది, మా ఇంట్లో పొయ్యి పక్కనుంది. రేపొచ్చేటప్పుడు తే."

"అత్తా, బిషప్పు, ఇంతమంది పెద్దోళ్లు... మెరుగు ఊడిన గిన్నె..."

"ఆ గిన్నెలో కలిపిన పిండి తినే నువ్వు ఇంతవాడివయ్యావు. నీకు నామోషీగా ఉంటే పిల్లని నేనే తెచ్చుకుంటా, నువ్వు ఇంట్లో పడుకో."

ఆదివారం చర్చి నిండిపోయింది. లేత నీలం కోట్ల మగవాళ్లు, ముత్యాలు వేసుకున్న ఆడవాళ్లు, బేతేలు నుంచి వచ్చిన ఎత్తు టోపీలు. పెట్టె బెంచీల తలుపులు మూసుకునేటప్పుడు ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూసుకోవడానికి అందరి మెడలూ తిరిగాయి. లెటీ తమ కుటుంబం పాత బెంచీని బేతేలువాళ్లకి వదిలి, వెనక తలుపు దగ్గర నిలబడింది. నడవ మధ్యలో దేవదారు మొద్దు, దాని మీద నీలం అంచు గిన్నె. మెరుగు ఊడి రెండుచోట్ల నల్లటి మచ్చలు. మొద్దు పక్కన, నేల మీద, దుప్పటి పరిచి తొట్టి సగాలు రెండూ ఉన్నాయి. వాటిని కప్పవద్దని ఓడెల్లా చెప్పింది.

ఏం జరిగిందో జనానికి లెటీయే చెప్పింది, ప్రసంగానికి ముందు, నాలుగు వాక్యాల్లో. లాండన్ నేల చూపులు చూశాడు.  ఆ తర్వాత బేతేలు పాస్టరు పిల్లని అందుకున్నాడు. పిల్ల పేరు ఎస్టెల్. నీళ్లు తలకి తగలగానే ఇటుక గోడలు మారుమోగేలా ఏడ్చింది. కింది చర్చి జనం అలవాటుగా గొణిగినట్టు ఆమెన్ అన్నారు. బేతేలు జనం అన్న ఆమెన్‌కి అటక మీది గబ్బిలాలు కదిలాయి. బిషప్ నవ్వు ఆపుకుంటూ తలవంచాడు.

భోజనాల దగ్గర కాల్చిన పందిమాంసం పెట్టిన మెత్తటి బిస్కెట్ రొట్టెలు, వేపిన ఆయిస్టర్లు, తీపి టీ. జనం తిన్నారు, మాట్లాడుకున్నారు. లెటీతో మాత్రం ఎక్కువమంది మాట్లాడలేదు. ఆమె చేతిలో పళ్లెం పట్టుకుని చాలాసేపు సమాధుల మధ్య నిలబడింది.

తర్వాత తొట్టి ఎవరు బాగు చేయించాలన్న గొడవ వచ్చింది. తమ ఖర్చుతో రాజధానిలో నిపుణుల చేత అతికిద్దామని, అతుకు కంటికి కనపడనే కనపడదని లాండన్ ప్రతిపాదించాడు. ఆ తర్వాత గాజు పెట్టెలో పెట్టి చర్చిలో ఉంచుదామని కూడా అన్నాడు. ఓడెల్లా రెండు మాటలూ ఒప్పుకోలేదు. "అతుకు కనపడాలి. పగిలిందని పిల్లలకి తెలియద్దా?" అంది. పడవలు బాగుచేసే చోట థర్మన్ ఇత్తడి పట్టీ కొట్టించాడు, పడవ నడుముకి వేసేలాంటిది. రెండు సగాలనూ దగ్గరికి చేర్చి పట్టీ బిగించారు. పని జరిగిన రోజు లెటీ వెళ్లి తలుపు దగ్గర నిలబడింది. ఎవరూ లోపలికి రమ్మనలేదు, వెళ్లమనీ అనలేదు. ఆమె సాయంత్రం దాకా ఉంది.

ఆ చలికాలమంతా లెటీ కింది చర్చి కమిటీతో పోరాడింది. కాడని బేతేలుకి ఇచ్చేయాలని ఆమె పట్టు. మేకు తీయించి, గుంట శుభ్రం చేయించి ఇద్దామంది. నడవలో కాడ లేకపోతే చర్చి ముక్కు కోసినట్టుంటుందని ఒకరు, పూర్వీకులు పెట్టినదాన్ని కదపకూడదని ఒకరు అడ్డం పడ్డారు. ఇదే మాట నువ్వు మాకు ముప్పై ఏళ్లు చెప్పావు కదా అని లాండన్ దెప్పాడు. చెప్పాను, అంది లెటీ. వసంతం వచ్చేసరికి ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. ఆ ఓటు లాండన్‌దే. ఎందుకు వేశాడో ఎవరికీ చెప్పలేదు.

లెటీ వెళ్లి ఆ సంగతి చెప్పినప్పుడు ఓడెల్లా నవ్వింది. తొట్టి పగిలాక లెటీ ఎదుట ఆమె నవ్వడం అదే మొదలు.

"మాకొద్దు."

"టీచరుగారూ! ఆరు నెలలు కొట్లాడాను."

"కొట్లాడు, మంచిదే, రక్తం పారుతుంది ఒంట్లో. మాకు మొద్దు ఉంది. ఐజాక్ తాత కొడుకు నరికి చెక్కింది. నీ కాడ తెచ్చి పెడితే మొద్దునేం చేస్తాం, పొయ్యిలో పెడతామా?"

"మరి కాడని ఏం చెయ్యమంటారు?"

"అది నన్నడుగుతావేం? మీరు వదిలేసింది కాదుగా అది, మీతోనే ఉంది. ఉండనీ."

కాడ అక్కడే ఉంది. లెటీ పటం కొత్తగా గీసింది. చుక్కల తొట్టిని చెరిపేసి, కాడ పైభాగాన్ని ఉన్నదున్నట్టు, మేకు తీసేసిన గుంటతో సహా గీసింది. చూడ్డానికి ఏమంత బాగాలేదని ఆమెకే అనిపించింది.

జూన్లో బేతేలులో ఇంకో బాప్తిస్మం జరిగింది. థర్మన్ తమ్ముడి మనవడు. లెటీని రమ్మని ఓడెల్లా కబురు చేసింది. పట్టీ వేసిన తొట్టిలో నీళ్లు పోసిన కాసేపటికి అతుకు వెంట సన్నటి చెమ్మ మొదలైంది. పట్టీ మీదుగా జారి, దేవదారు మొద్దు మీదకి, అక్కడినుంచి నేల మీదకి చుక్కచుక్కగా పడింది. ముందు బెంచీలో ఒకామె తువ్వాలు తెచ్చి మొద్దు చుట్టూ చుట్టింది. పాస్టరు ఒక క్షణం ఆగాడు.

"ఆగకు నాయనా," అంది ఓడెల్లా బెంచీలోంచే, అందరికీ వినపడేలా. "కారితే కారనీ. పిల్లాడికి చాలినన్ని ఉన్నాయి."

పిల్లాడికి చాలాయి. పాట మొదలైంది. తువ్వాలు తడిసి బరువెక్కి జారిపోతుంటే, ఓడెల్లా వెనక్కి తిరిగి లెటీ వైపు గడ్డం ఎగరేసింది. లెటీ నడవ పొడుగునా నడిచి ముందుకొచ్చి, తువ్వాలు తీసుకుని, గడప బయట గడ్డి మీద పిండి, మళ్లీ తెచ్చి చుట్టింది.